కాంచనపురిలో మూడు రోజులు

థాయిలాండు దేశంలో ఊళ్ళ పేర్లు వింటుంటే మనవాళ్ళెవరో వెళ్ళి పెట్టి వచ్చారేమో అనిపిస్తుంది. రాచబురి అంటే రాజపురి. నకోన్ పథోమ్ అంటే ప్రథమ నగరం. బ్యాంకాకు నగరానికి పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాంచనబురి మన కాంచనపురే, అంటే బంగారు పట్టణం.

మా అల్లుడు ఉద్యోగరీత్యా బ్యాంకాకులో ఉంటున్నాడు. దేవుని కృపను బట్టి మొన్న జనవరిలో వాళ్ళ దగ్గర నెల రోజులు గడిపి రాగలిగాము. రాజభవనం, పడుకుని ఉన్న పెద్ద బుద్ధ విగ్రహం, కాలువలో పడవల సంత అన్నీ చూపించాడు. “ఇంకేం చూస్తారు మావయ్యగారూ, అత్తయ్యగారూ?” అని అడిగితే ఇద్దరం ఒకేసారి “కాంచనబురి రైలు వంతెన” అన్నాము. అల్లుడు ఆశ్చర్యపోయాడు. మా ఇద్దరి నోటా ఒకే మాట రావటం అతను అంతకు ముందెప్పుడూ చూడలేదట!

అతనికి సెలవు దొరకలేదు. మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు, మరొకరికి ఎడమ చెవి సరిగ్గా వినపడదు, థాయి భాష ఇద్దరికీ రాదు. అందుకని అతని ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి చేత థాయి భాషలో చీటీ రాయించి ఇచ్చాడు. “ఈ పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చారు. కాంచనబురిలో దిగాలి. దయచేసి దింపండి” అని అందులో ఉన్నదట. ఆ చీటీ మాకు పాస్‌పోర్టు కంటే ఎక్కువ ఉపయోగపడింది.

థోన్‌బురి అనే స్టేషనులో ఉదయం రైలు ఎక్కాము. విదేశీయులకు టిక్కెట్టు వంద బాత్‌లు. అన్నీ మూడో తరగతి పెట్టెలే. కిటికీలు తెరిచి ఉన్నాయి, పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అచ్చం మన పలాస పాసింజరే. ఉడకబెట్టిన గుడ్లు, వేయించిన కోడిముక్కలు, అరటాకులో చుట్టిన తీపి అన్నం బుట్టల్లో పెట్టుకుని అమ్మేవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఎదురుగా కూర్చున్న ఒక ముసలమ్మగారికి మా చీటీ చూపించాము. ఆమె చదివి పక్కవారికి వినిపించింది. వాళ్ళు వెనక సీటువారికి చెప్పారు. నకోన్ పథోమ్ వచ్చేసరికి మేమెక్కడ దిగాలో పెట్టె మొత్తానికి తెలిసిపోయింది! ముసలమ్మగారు తను దిగేటప్పుడు మమ్మల్ని ఒక కాలేజీ కుర్రవాడికి అప్పగించి మరీ దిగింది. కాంచనబురిలో ఆ కుర్రవాడు మా సంచి కిందికి దించి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి మళ్ళీ రైలెక్కాడు. పరాయి దేశంలో మాకు బెంగ అన్నది లేకుండా పోయింది.

వంతెన ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రపంచమంతా దాన్ని “క్వాయ్ నది వంతెన” అంటుంది. అయితే ఆ నది పేరును థాయివాళ్ళు “ఖ్వే” అన్నట్టు పలుకుతారు. “క్వాయ్” అంటే వాళ్ళ భాషలో గేదె! రోజూ వచ్చే విదేశీయులందరూ గేదె వంతెన ఎక్కడ, గేదె వంతెన ఎక్కడ అని అడుగుతుంటే ఆటోవాళ్ళు నవ్వాపుకుని తీసుకెళ్తారు. ఇంకో చిత్రం. యుద్ధకాలంలో ఆ చోట నది పేరు మే క్లోంగ్. 1952లో ఒక ఫ్రెంచి రచయిత ఈ వంతెన మీద నవల రాశాడు. 1957లో దాన్ని ఇంగ్లీషులో సినిమా తీశారు, అదీ సిలోనులో తీశారు. సినిమా చూసినవాళ్ళందరూ వచ్చి ఆ పేరుగల నది ఏదని అడగటం మొదలుపెట్టేసరికి, 1960 ప్రాంతంలో ప్రభుత్వమే నది పేరును మార్చి “ఖ్వే యై” అని పెట్టింది. సినిమా కోసం నది పేరు మారటం మరెక్కడా మేము వినలేదు.

వంతెన నల్లని ఇనుప కమానులతో ఉంది. ఆ కమానులను జపానువాళ్ళు జావా నుంచి విప్పి తెచ్చి 1943లో ఇక్కడ బిగించారు. యుద్ధం చివర్లో బాంబులు పడి మధ్యభాగం కూలిపోయింది. తరవాత వేసిన రెండు భాగాలు కమానులా వంగి ఉండవు, అంచులు తిన్నగా ఉంటాయి. పాతది ఏదో కొత్తది ఏదో చూడగానే తెలుస్తుంది. పట్టాల మధ్య పరచిన రేకుల మీద జనం నడుస్తుంటారు. రైలు వస్తే పక్కకు తప్పుకోవటానికి అక్కడక్కడ చిన్న అరుగుల్లాంటివి కట్టారు. మేము సగం దూరం వెళ్ళేసరికి రైలు రానే వచ్చింది. వినపడే చెవి ఉన్నవారు వినపడనివారి చెయ్యి పట్టుకుని లాగితే ఇద్దరం ఒక అరుగు మీద ఇరుక్కుని నిలబడ్డాము. రైలు మనిషి నడక వేగంతో వెళ్ళింది. కిటికీల్లోంచి పిల్లలు మాకు చేతులూపారు, మేమూ ఊపాము. పెళ్ళయిన కొత్తలో కూడా మేమిద్దరం ఇంత దగ్గరగా నిలబడి ఫొటో దిగలేదు. ఆ రోజు ఒక జర్మనీ అబ్బాయి తీసిన ఫొటో ఇప్పుడు మా ఇంట్లో గోడకు వేలాడుతోంది.

వంతెన చుట్టూ దుకాణాలే. వంతెన బొమ్మ ఉన్న బనియన్లు, తాళంచెవుల గుత్తులు, ఐసుక్రీము. జనం నవ్వుతూ తిరుగుతున్నారు. అది తప్పని మేమనము, మేమూ కొబ్బరి ఐసుక్రీము తిన్నాము. కాని ఆ రైలుమార్గానికి అక్కడివారు పెట్టిన పేరు “మృత్యు రైలుమార్గం”.

ఆ కథ క్లుప్తంగా ఇది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైంది. వేలాదిమంది ఇంగ్లీషు, ఆస్ట్రేలియా సైనికులు ఖైదీలయ్యారు. జావాలో డచ్చివాళ్ళు చిక్కారు. జపాను సైన్యం బర్మాను కూడా పట్టుకుంది గాని, అక్కడికి ఓడల మీద సామాను పంపటం ప్రమాదంగా ఉండేది, సముద్రంలో శత్రువుల జలాంతర్గాములు కాచుకుని ఉండేవి. అందుకని థాయిలాండు నుంచి బర్మాకు అడవులూ కొండలూ కోసి 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయాలని సంకల్పించారు. 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబరు 17న రెండు కొసలూ కలిపేశారు. ఏడాదిన్నర కూడా పట్టలేదు. ఖైదీలు సుమారు 60 వేలమంది పనిచేస్తే వారిలో 12 వేలకు పైగా చనిపోయారు.

వంతెనకు దగ్గరలో ఒక జపాను మనిషి విగ్రహం ఉంది. ఆయన పేరు నగాసే తకాషి. యుద్ధకాలంలో జపాను మిలటరీ పోలీసులకు దుబాసీగా పనిచేశాడు. దొంగచాటుగా రేడియో పెట్టుకున్నందుకు ఎరిక్ లోమాక్స్ అనే బ్రిటిషు ఖైదీని చిత్రహింసలు పెట్టినప్పుడు ప్రశ్నలను ఇంగ్లీషులోకి మార్చి చెప్పినవాడు ఈయనే. యుద్ధం ముగిశాక అడవుల్లో ఖైదీల సమాధులు వెదికే బృందం వెంట కూడా దుబాసీగా వెళ్ళాడు. ఒక్కొక్క గొయ్యి చూస్తూ పోయేసరికి ఆ మనిషి మనసు విరిగిపోయింది. తరవాత వందసార్లకు పైగా ఈ ఊరు వచ్చి, 1986లో ఇక్కడే ఒక శాంతి మందిరం కట్టించాడు. 1993లో లోమాక్స్ ఈ వంతెన దగ్గరికి వచ్చి ఆయన్ను కలుసుకున్నాడు. యాభై ఏళ్ళపాటు ఆ దుబాసీని చంపాలన్నంత కోపం గుండెల్లో పెట్టుకున్నవాడు, ఎదుట ఒక ముసలివాడు వణుకుతూ తల వంచి నిలబడేసరికి చెయ్యి చాచాడు. ఆ తరవాత జపాను వెళ్ళి, నిన్ను క్షమించాను అని ఉత్తరం రాసి స్వయంగా చేతికిచ్చాడు. ఇద్దరూ స్నేహితులుగా బతికి నగాసే 2011లో, లోమాక్స్ 2012లో కన్నుమూశారు. మన కూటాల్లో క్షమాపణ గురించి ఎన్నోసార్లు విన్నాము. కాని అంతటి దెబ్బ తిన్నవాడు ఆ మాట చెప్పటానికి యాభై ఏళ్ళు పట్టిందంటే, త్వరత్వరగా క్షమించెయ్యండి అని ఎదుటివాళ్ళకు చెప్పటానికి మాకు నోరు రాదు.

ఆ రాత్రి భోజనం దగ్గర పచ్చి బొప్పాయి కోరుతో చేసిన ఒక పచ్చడి పెట్టారు. తింటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆవకాయ సీసా సంచిలోంచి పైకి రావలసిన అవసరమే లేకపోయింది. హోటలు గోడ మీద దురియన్ పండు బొమ్మ వేసి, దాని మీద అడ్డగీత కొట్టారు. చూడటానికి చిన్న పనసకాయలా ఉండే ఆ పండు వాసన గదిలో రోజులతరబడి పోదట.

మరునాడు కారు మాట్లాడుకుని ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న “హెల్‌ఫైర్ పాస్” చూడబోయాము. నరకాగ్ని కనుమ అన్నమాట. అక్కడ కొండను నిలువునా చీల్చి రైలుకు దారి తీశారు. సుమారు 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల లోతు ఉంటుంది. యంత్రాలు దాదాపు లేనే లేవు. ఒకడు ఉలి పట్టుకుంటే ఇంకొకడు సమ్మెటతో కొట్టి రాతిలో బెజ్జం వేయటం, మందు కూరి పేల్చటం, ముక్కలు బుట్టలతో మోయటం. మన ఊళ్ళలో రాతినేలలో బావి తవ్వేవాళ్ళు చేసే పనే, అయితే వీళ్ళు ఒంటిమీద గోచితో, గిద్దెడు బియ్యపు జావతో, జ్వరాలతో చేశారు. 1943 వానాకాలంలో పని తొందర చేసి రాత్రిళ్ళు కూడా చేయించారు. కాగడాల వెలుగులో ఎముకల గూళ్ళలాంటి మనుషుల నీడలు బండల మీద ఆడుతుంటే పైనుంచి చూసినవారు నరకం ఇలాగే ఉంటుందనుకున్నారు. ఆ పేరు అలా వచ్చింది.

మోకాళ్ళ నొప్పులున్నవారు పైన మ్యూజియంలో ఆగిపోయారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో దాన్ని ప్రారంభించింది. మెట్లు దిగి వెళ్ళినవారు కనుమలో నడిచి, రాతిలో విరిగిపోయి అలాగే మిగిలిన ఒక ఉలి ముక్కను వేలితో తాకి వచ్చారు. పైన ఆగినవారికీ కింద నడిచినవారికీ ఒకే సంగతి తగిలింది. ఈ కనుమలో ఖైదీలతో పాటు మలయా నుంచి తెచ్చిన కూలీలు కూడా పనిచేశారు.

మేము కాంచనబురి ఎందుకు బయలుదేరామో ఇప్పుడు చెప్పాలి. మాలో ఒకరి తాతగారికి ఒక తమ్ముడుండేవాడు. ఇంట్లో ఆయన్ను “మలయా తాత” అనేవారు. మా శ్రీకాకుళం వైపు పూర్వం కరువొస్తే మగవాళ్ళు రంగం పోయేవారు, కొంతమంది మలయా రబ్బరు తోటలకు పోయేవారు. ఈయన 1934 ప్రాంతంలో మలయా వెళ్ళాడు. మనియార్డర్లు, ఉత్తరాలు 1941 దాకా వచ్చాయి. ఆ డిసెంబరులో జపానువాళ్ళు మలయా మీద పడ్డారు. అంతే, మరి ఉత్తరం లేదు. యుద్ధం తరవాత తిరిగొచ్చిన టెక్కలివైపు మనిషొకాయన “రైలు పనికి తీసుకుపోయారు” అని ఒక్క ముక్క చెప్పాడట. ఏ రైలో, ఎక్కడి రైలో ఇంట్లో ఎవరికీ తెలియదు. మాలో ఒకరు తపాలా ఆఫీసులో ముప్పయి ఏళ్ళు పనిచేశారు. చిరునామాదారుడు దొరకని ఉత్తరాలు ఎన్నో చూశారు గాని, ఈ ఒక్కటి మాత్రం మనసులో ఉండిపోయింది.

ఆ కూలీల సంగతి మ్యూజియంలో కొంత చదివాము. రబ్బరు ఎగుమతి ఆగిపోయి తోటల్లో పని లేదు, తిండి లేదు. రోజుకు ఒక డాలరు, బియ్యం ఇస్తాము, మూడు నెలల పని అని మొదట ఆశపెట్టారు. వెళ్ళినవారు తిరిగి రాకపోయేసరికి ఇంకెవరూ రాలేదు. అప్పుడు పట్టుకుపోవటం మొదలైంది. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, అటునుంచి అటే లారీలెక్కించిన సంగతులు కూడా ఉన్నాయి. సామాను పెట్టెల్లో కుక్కి థాయిలాండు తెచ్చి, అడవిలోకి నడిపించారు. తమిళులు ఎక్కువమంది, వారితో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మలయావాళ్ళు, జావావాళ్ళు, బర్మావాళ్ళు ఉన్నారు. అందరూ కలిసి రెండు లక్షలదాకా ఉంటారని లెక్క. చనిపోయినవారు 80 వేలనీ లక్ష అనీ అంచనాలే గాని ఖచ్చితమైన లెక్క లేదు. ఖైదీలకు తమ డాక్టర్లు ఉన్నారు, నీళ్ళు కాచి తాగాలని చెప్పే అధికారులున్నారు. కూలీలకు ఎవరూ లేరు. 1943లో కలరా వచ్చినప్పుడు వారి పాకల్లో శవాలు ఎత్తేవాళ్ళు కూడా మిగల్లేదు.

మూడో రోజు ఊళ్ళోని యుద్ధ సమాధుల తోటకు వెళ్ళాము. అంత చక్కగా ఉంచిన సమాధుల తోట మేమెక్కడా చూడలేదు. 6,982 మంది ఇక్కడ నిద్రిస్తున్నారు. పచ్చిక దువ్వినట్టుంది. ఒక్కొక్కరికి ఒక రాయి, రాతిమీద ఇత్తడి రంగు పలక, పలక మీద పేరు, దళం, చనిపోయిన తేదీ, వయస్సు. కింద ఇంటివాళ్ళు రాయించిన మాట. చాలావాటి మీద బైబిలు వచనాలున్నాయి. మాలో బడిపంతులుగా పనిచేసినవారు వయస్సులు చదువుకుంటూ పోయారు. ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై, ఇరవై నాలుగు. “అందరూ నా దగ్గర చదువుకుని వెళ్ళిన పిల్లల వయస్సే” అని ఒకచోట కూర్చుండిపోయారు. పేరు తెలియని సైనికుడి పలక మీద సైతం, ఇతడెవరో దేవునికి తెలుసు అనే అర్థం వచ్చే మాట ఉంది.

ప్రవేశద్వారం దగ్గర మరో పలక మీద 11 మంది పేర్లున్నాయి. అవిభక్త భారత సైన్యంలో పనిచేసి, థాయిలాండులో వేరే ముస్లిం శ్మశానాల్లో ఖననమైనవారు. మనదేశపు పేర్లు అక్కడ అవే. కూలీ పేరు ఒక్కటీ లేదు. అది సైనికుల తోట కాబట్టి ఉండదు. అది మాకు తెలుసు, అయినా వరుస వెంట వరుస చూస్తూనే ఉన్నాము.

పక్కనే ఆ రైలుమార్గపు చరిత్ర కేంద్రం ఉంది. ఖైదీల మనవలు, మునిమనవలు వచ్చి పేరు చెబితే, ఏ క్యాంపులో ఉన్నాడు, ఎప్పుడు చనిపోయాడు, ఏ వరుసలో ఉన్నాడు వెదికి చెబుతారు. ఖైదీల అధికారులు ప్రాణాలకు తెగించి జాబితాలు రాసి, డబ్బాల్లో పెట్టి సమాధుల్లో దాచారు. 1945లో వెదికినవారికి ఆ కాగితాల వల్లనే పదివేలకు పైగా సమాధులు దొరికాయి. మేము మా తాత పేరు చెప్పాము. బల్ల దగ్గరున్న అమ్మాయి శ్రద్ధగా విని, కూలీలకు అలాంటి జాబితాలు లేవని మెల్లగా చెప్పింది. అయినా తెలిసినంత రాసివ్వమని కాగితం ఇచ్చింది. పేరు, తండ్రి పేరు, ఊరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసి ఇచ్చాము. ఆ అమ్మాయి తెలుగు అక్షరాలు చూసి “చాలా గుండ్రంగా, అందంగా ఉన్నాయి” అంది.

దగ్గరలో వియత్నాం పద్ధతిలో కట్టిన ఒక బౌద్ధాలయం ఉంది. ఆసియా కూలీల అస్థికలు కొన్నిటిని పోగుచేసి ఆ ఆవరణలో పెట్టారు. 1990లో ఈ ఊరి శివార్లలో ఒక పొలం తవ్వితే వందలకొద్దీ అస్థిపంజరాలు బయటపడ్డాయి, అవి కూడా కూలీలవేనని నమ్ముతున్నారు. ఈ మధ్య సంవత్సరాలలో మలేసియా, థాయిలాండు తమిళులు పూనుకుని తమవారి జ్ఞాపకార్థం అక్కడ ఒక శిల నిలిపారు. వారిని మెచ్చుకోవాలి. ఆ శిల ముందు ఇద్దరం నిలబడి ప్రార్థన చేసుకున్నాము. గుడి వాకిట్లో చీపురు పట్టుకున్న ఒక తాతగారు మా ప్రార్థన అయ్యేదాకా ఊడవటం ఆపి నిలబడ్డాడు.

తిరుగు రైల్లో చీటీ అవసరం రాలేదు, చివరి స్టేషనే గదా! స్టేషనులో అల్లుడు, మనవరాలు ఎదురొచ్చారు. “ఏనుగు ఎక్కారా అమ్మమ్మా?” అని మనవరాలి మొదటి ప్రశ్న. ఎక్కలేదు గాని ఒక ఏనుగుకు అరటిపండు ఇస్తే అది గెల మొత్తం లాక్కుందని చెబితే దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక మా ఊరి మందిరంలో పాత సభ్యుల రిజిస్టరు చూపించమని పాస్టరుగారిని అడిగాము. చెదపురుగు కొంత తినేసింది. 1929లో బాప్తిస్మం తీసుకున్నవారి వరుసలో మలయా తాత పేరు ఉంది. తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. మరణించిన తేదీ రాసే గడి ఖాళీగా ఉంది. పాస్టరుగారు కలం తీసి, “ఏమని రాయమంటారు?” అన్నారు. కాంచనబురి అని రాయించటానికి మా దగ్గర ఆధారం లేదు. కాసేపు ఆలోచించి, “1934 ప్రాంతంలో మలయా వెళ్ళారు. 1941 వరకు ఉత్తరాలు వచ్చాయి” అని రాయించి, కింద మేమిద్దరం సంతకాలు పెట్టి వచ్చాము.